హో చి మిన్ సిటీ వార్ రెమ్నెంట్స్ మ్యూజియం: పై అంతస్తు నుంచి మొదలుపెట్టండి

వియత్నాం యుద్ధం గురించిన ఈ మ్యూజియానికి గంట చాలనుకునే వెళ్లాను. మూడున్నర గంటలు ఉన్నాను, అయినా ఒక గది చూడకుండానే బయటికి వచ్చేశాను. టికెట్ 40,000 డాంగ్. ఆవరణలో ట్యాంకులు, హెలికాప్టర్, యుద్ధ విమానాలు ఉన్నాయి, జనం వాటి పక్కన ఫోటోలు దిగుతూ అక్కడే ఉండిపోతున్నారు. పది నిమిషాలు చూసి నేరుగా పైకి వెళ్లిపోండి.

పై అంతస్తులో 'రెక్వియమ్' అనే ప్రదర్శన ఉంది. ఇండోచైనా (వియత్నాం, లావోస్, కంబోడియా) యుద్ధాల్లో చనిపోయిన, ఆచూకీ లేకుండా పోయిన 135 మంది ఫోటోగ్రాఫర్లు తీసిన ఫోటోలవి. వియత్నాం యుద్ధంలో ఫోటోగ్రాఫర్లుగా పనిచేసి ప్రాణాలతో మిగిలిన టిమ్ పేజ్, హోర్స్ట్ ఫాస్ వాటిని పోగుచేశారు. అమెరికన్ల వెంట తిరిగినవాళ్లూ, ఉత్తర వియత్నాం సైన్యం వెంట నడిచినవాళ్లూ ఒకే హాల్లో ఉంటారు, ఈ మ్యూజియంలో నాకు అన్నిటికంటే నచ్చింది అదే. ఒక ఫోటో దగ్గర చాలాసేపు ఆగిపోయాను. 1965 నవంబరులో డికీ చాపెల్ అనే ఫోటోగ్రాఫర్ పేలుడులో గాయపడి, ప్రాణం పోతున్న స్థితిలో నేల మీద పడి ఉన్నారు, ఒక మతగురువు పక్కన మోకరించి ప్రార్థన చేస్తున్నారు. తీసింది హెన్రీ హుయెట్. ఆయన కూడా 1971 ఫిబ్రవరి 10న లావోస్‌లో హెలికాప్టర్ కూలి చనిపోయారు, అదే హెలికాప్టర్‌లో లారీ బరోస్‌తో పాటు ఇంకో ఇద్దరు ఫోటోగ్రాఫర్లు ఉన్నారు. ఈ సంగతి తెలిశాక ఆ ఫోటో మళ్లీ చూడండి.

కింది గదుల్లో మై లాయ్ ఫోటోలు ఉంటాయి. 1968 మార్చి 16న ఆ ఊళ్లో అమెరికా సైనికులు చంపినవాళ్లు వియత్నాం లెక్క ప్రకారం 504 మంది. సైన్యం తరఫున ఫోటోలు తీయడానికి వెళ్లిన రోనాల్డ్ హేబర్లీ దగ్గర సైన్యం ఇచ్చినదే కాక సొంత కెమెరా కూడా ఉంది. ఆ సొంత కెమెరాతో తీసిన ఫోటోలే 1969 నవంబరులో పత్రికల్లో వచ్చాయి, జరిగింది లోకం కళ్లారా చూసింది. ఒక ఫోటోలో కొందరు ఆడవాళ్లు, పిల్లలు గుంపుగా నిలబడి ఉన్నారు, వెనక ఒక యువతి చంటిబిడ్డను ఎత్తుకునే జాకెట్ గుండీ పెట్టుకుంటోంది. ఫోటో తీసిన కొద్ది క్షణాలకే వాళ్లందరినీ కాల్చేశారు. ఆ గుండీ పెట్టుకోవడం నన్ను రాత్రి నిద్రపోనివ్వలేదు. సైనికులు చంపుతుండగా తీసినవి కొన్ని తానే నాశనం చేశానని హేబర్లీ చాలా ఏళ్ల తర్వాత ఒప్పుకున్నారు. అంటే మనం చూస్తున్నది మిగిలినవే.

నాపామ్ (ఒంటికి అంటుకుని మండే బాంబు) మంటల నుంచి బట్టలు లేకుండా పరిగెత్తుకొస్తున్న తొమ్మిదేళ్ల పాప ఫోటో అందరికీ తెలిసిందే, 1972 జూన్ 8 నాటిది. ఆ పాప, కిమ్ ఫుక్, ఇప్పుడు కెనడాలో ఉంటున్నారు. ఆ కాలిన గాయాలకి 2022లో కూడా లేజర్ చికిత్స చేయించుకున్నారు. యాభై ఏళ్లు! ఫోటో మాత్రం ఆ ఒక్క క్షణం దగ్గరే ఆగిపోయింది.

ఏజెంట్ ఆరెంజ్ గది గోడలకి నారింజ రంగు వేశారు. 1961 నుంచి 1971 దాకా అమెరికా సైన్యం అడవుల మీద, పంటల మీద చల్లిన, మొక్కల్ని మాడ్చేసే మందుల్లో అదొకటి, అందులోని డయాక్సిన్ అనే విషం మట్టిలో ఉండిపోయింది. యుద్ధం అయిపోయాక పుట్టిన పిల్లల ఫోటోలున్నాయి ఇక్కడ, వంకర తిరిగిన కాళ్లు చేతులతో. వాళ్లని ఎత్తుకుని కెమెరా వైపు సూటిగా చూస్తున్న తల్లులు కూడా ఉన్నారు. ఆ మందులు నిల్వ ఉంచిన బియెన్ హోవా విమాన స్థావరంలో మట్టి శుభ్రం చేసే పని 2019లో గానీ మొదలవలేదు.

లోటు ఒకటి చెప్పాలి. పై అంతస్తు వదిలేస్తే మిగతా కథంతా గెలిచినవాళ్ల, అంటే ఉత్తర వియత్నాం, వైపు నుంచే నడుస్తుంది. 1968లో హ్యూ నగరంలో ఆ వైపు బలగాలు చేసిన హత్యల గురించి, 1975లో యుద్ధం ముగిశాక పడవలెక్కి పారిపోయిన లక్షల మంది గురించి నేను చూసిన గదుల్లో ఏమీ కనబడలేదు. వాళ్ల కష్టం కూడా ఈ యుద్ధం మిగిల్చిందే కదా.

చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు నారింజ గదికి మాత్రం తీసుకెళ్లకండి, ఇద్దరు పెద్దవాళ్లుంటే ఒకరి తర్వాత ఒకరు చూసి రండి. సాయంత్రం ఐదున్నరకి మూసేస్తారు, కాబట్టి పొద్దున్నే వెళ్లడం నయం. ఆ తర్వాత వెంటనే ఇంకెక్కడికీ ప్లాన్ పెట్టుకోకండి.