వానలో బైకు ప్రయాణం: తడవనివ్వని తొడుగులు, ఆరనిచ్చే బసలు

వానాకాలంలో బైకు మీద దూర ప్రయాణాలు చేసేవాళ్లు దారి గురించి, చూసిన ప్రదేశాల గురించి రాసినంతగా తడి గురించి రాయరు. పొద్దున పొడిగా బయలుదేరిన మనిషి సాయంత్రానికి ఎంత పొడిగా మిగిలాడన్నది ఒక లెక్కయితే, రాత్రి దిగిన చోట తడిసినవన్నీ తెల్లారేసరికి ఆరాయా లేదా అన్నది మరో లెక్క. మొదటి లెక్క కోసం డబ్బు పెట్టి రెయిన్‌సూటు కొంటాం, రెండోదాన్ని మాత్రం అదృష్టానికి వదిలేస్తాం. ముసురు పట్టిన రోజుల్లో కనుమ దారుల్లోనూ మైదానపు రహదారుల్లోనూ తిరిగిన మీదట నాకు రెండో లెక్కే పెద్దదిగా కనిపిస్తోంది. ఒక పూట తడిస్తే ఓర్చుకోవచ్చు గాని, నిన్నటి తడి బూట్లలో కాళ్లు దూర్చి, పిండితే నీళ్లు కారే గ్లౌజులు తొడుక్కుని మొదలుపెట్టిన రోజు చివరిదాకా కుదుటపడదు.

ముందు తొడుగుల సంగతి చూద్దాం. నడిచేవాడి మీద పడే వాన వేరు, బండి మీద వెళ్లేవాడికి తగిలే వాన వేరు. పెద్ద చినుకు సెకనుకు సుమారు 9 మీటర్ల వేగంతో నేలకు దిగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి అదే సెకనులో 16 మీటర్లకు పైగా ముందుకు దూసుకుపోతుంది. ఈ రెండూ కలిసినప్పుడు వాన మనకు పైనుంచి కన్నా ఎదురుగా ఎక్కువ తగులుతుంది. అందువల్ల భుజాల మీదినుంచి వేలాడే పాంచో బండి మీద ఎందుకూ పనికిరాదు సరికదా, గాలికి రెపరెపలాడి గొలుసులోనో వెనక చక్రంలోనో చిక్కుకునే ప్రమాదం కూడా ఉంది. కోటు, ప్యాంటు విడివిడిగా ఉన్న సూటే నమ్మదగినది.

మంచి సూటు వేసుకున్నాక నీళ్లు బట్టలోంచి దిగడం అరుదు. బట్ట ఎక్కడ ఆగిపోతుందో అక్కడ దిగుతాయి. మెడ, మణికట్లు, చీలమండలు అలాంటి చోట్లే గాని, అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది తొడల మధ్య భాగం. ట్యాంకు మీద పడిన నీళ్లు వాలు వెంట సీటు వైపు జారి, కోటు ముందు భాగం మీదుగా కారిన నీళ్లతో కలిసి ఒడిలో మడుగు కడతాయి. కూర్చున్న మనిషి బరువు, అటూ ఇటూ కదిలే కదలిక కలిసి ఆ నీటిని కుట్టు రంధ్రాల్లోంచి లోపలికి నెడతాయి. ముందు జిప్పు ఉన్న ప్యాంటు ఈ పరీక్షలో ఎక్కువసేపు నిలబడదు. జిప్పు లేకుండా నడుము పైదాకా వచ్చి భుజాల పట్టీలతో నిలిచే రకం చూడ్డానికి వికారంగా ఉన్నా పని బాగా చేస్తుంది. ఏ రకమైనా సరే, కొనేముందు ప్యాంటును లోపలి వైపు తిరగేసి, కుట్ల పొడవునా అంటించిన పట్టీని వేలితో తడిమి చూడాలి. నాలుగు కుట్లు కలిసే చోట ఆ పట్టీ కాస్త లేచి ఉన్నా దాన్ని పక్కన పెట్టేయవచ్చు. సీటు తొడుగు చిరిగి ఉంటే అంతకన్నా అధ్వానం, ఎందుకంటే లోపలి ఫోము తాగిన నీరు వాన వెలిసిన తరువాత కూడా గంటల తరబడి మన బరువుకు పైకి వస్తూనే ఉంటుంది.

మెడ దగ్గర కారణం ఇంకా చిన్నది. చుట్టుకున్న నూలు గుడ్డ కొస కాలరు బయటికి వేలెడు కనిపిస్తే చాలు, దీపపు ఒత్తి నూనె పీల్చినట్టు అది నీటిని పీల్చి ఛాతీ దాకా దింపుతుంది. చొక్కా చేతి అంచు కోటు బయటికి వచ్చినా ఇదే జరుగుతుంది. గ్లౌజు కోటు లోపలికి ఉండాలా, పైకి ఉండాలా అన్న వాదం బైకు నడిపేవాళ్ల మధ్య ఎప్పటికీ తెగదు. లోపలి జాకెట్ చెయ్యి గ్లౌజు లోపలికి, రెయిన్‌కోటు చెయ్యి గ్లౌజు మీదికి వచ్చేలా వేసుకుంటే ఎదురు గాలికి వచ్చే నీరు, చేతి మీదుగా జారే నీరు రెండూ బయటే ఆగిపోవడం నేను గమనించాను. ప్యాంటు మాత్రం ఎప్పుడూ బూటు మీదికే రావాలి. మోకాలు వంచి కూర్చున్నప్పుడు అది అరచెయ్యి వెడల్పు పైకి లేస్తుంది కాబట్టి, నిలబడినప్పుడు నేలకు తగిలేంత పొడవున్నదే కూర్చున్నాక సరిపోతుంది. అది సైలెన్సర్ వైపు వేలాడకుండా చూసుకోవడం మరవకూడదు, నైలాన్ గుడ్డ వేడి లోహానికి తగిలితే క్షణంలో కరిగి అంటుకుంటుంది. బూట్ల మీద తొడిగే ప్లాస్టిక్ తొడుగులు గేరు మార్చే ఎడమ బొటనవేలి దగ్గర ముందుగా అరిగి చిల్లులు పడతాయి. వాటిని కొన్నవాళ్లు ఆ చోట మొదటి రోజే ఒక అతుకు వేసుకోవడం మంచిది.

ఖరీదైన పొర ఉన్న సూటు కొనాలా, మామూలు రబ్బరు పూత ఉన్నది చాలా అన్న ప్రశ్నకు నా సమాధానం వాతావరణాన్ని బట్టి మారుతుంది. 1969లో బాబ్ గోర్ పీటీఎఫ్ఈ అనే ప్లాస్టిక్‌ను ఒక్కసారిగా సాగదీసి కనిపెట్టిన పొర నుంచి గోర్‌టెక్స్ అనే జలనిరోధక గుడ్డ పుట్టింది. దాని రంధ్రాలు నీటి బొట్టు దూరలేనంత చిన్నవి, చెమట ఆవిరి దాటిపోగలిగినంత పెద్దవి. అయితే ఆవిరి బయటికి పోవాలంటే లోపలికన్నా బయట చల్లగానో పొడిగానో ఉండాలి. చలి ప్రాంతాల వానలో ఈ పొర నిజంగా పనిచేస్తుంది. ఉక్కపోతతో కూడిన వెచ్చని వానలో లోపలా బయటా తేమ ఒకటే కాబట్టి, అంత ఖర్చు పెట్టినవాడూ ఇటు రబ్బరు పూత కోటు వేసుకున్నవాడూ దాదాపు సమానంగానే చెమటతో తడుస్తారు. పై గుడ్డ మీద నీరు ముత్యాల్లా జారకుండా ఇంకిపోవడం మొదలైతే ఎంత గొప్ప పొరైనా ఊపిరాడక చల్లగా తగులుతుంది, కోటు కారుతోందని మనం పొరబడతాం. చాలామంది ఆ దశలో సూటును పారేస్తారు గాని, దాన్ని శుభ్రంగా ఉతికి, లేబుల్ అనుమతించిన మేరకు కొద్దిపాటి వేడిలో ఆరబెడితే నీటిని తోసేసే గుణం కొంతవరకు తిరిగి వస్తుంది. బట్టలు మెత్తబడడానికి వాడే ద్రవం మాత్రం దానికి తగలకూడదు.

దారిలో ఆగే చోట్లు అన్నీ ఒకటి కావు. చెట్టు కింద ఆగడం అలవాటు కొద్దీ చేసే పనే గాని, ఆకులు తడిసిన తరువాత చెట్టు కింద వాన బయటికన్నా ఆలస్యంగా వెలుస్తుంది, ఉరుములు మెరుపులు ఉంటే అది ప్రాణాంతకం కూడా. వంతెన కింద పొడిగానే ఉంటుంది, కానీ పదిమంది ఆగేసరికి బళ్లు రోడ్డు మీదికి వస్తాయి. వానలో ఎదురు సరిగా కనిపించని లారీ అదే సందులోంచి వస్తుంది కాబట్టి, రోడ్డుకు పూర్తిగా పక్కగా నిలిచే చోటు లేని వంతెన కింద నేను ఆగను. బస్సు షెల్టరు మనిషికి బాగుంటుంది, బండి బయట తడుస్తుంది. సూటు తొడుక్కోవడానికి మాత్రం నాకు తెలిసి అంతకన్నా మంచి చోటు లేదు, ఎందుకంటే ఒంటికాలి మీద నిలబడి బూటు మీదుగా ప్యాంటు ఎక్కించే అవస్థ లేకుండా బల్ల మీద కూర్చోవచ్చు. చినుకులు మొదలయ్యాక ఆగుదామనుకునేవాడు లోపలి బట్టలు తడిశాకే సూటు వేసుకుంటాడు. ఎదురు వచ్చే బళ్ల అద్దాలు తడిగా కనిపించడమే ఆగమని చెప్పే గుర్తు.

పెట్రోలు బంకు అన్నిటికన్నా మెరుగనిపిస్తుంది, ఎందుకంటే కప్పు ఎత్తుగా, వెడల్పుగా ఉంటుంది. కానీ కప్పు ఎత్తుగా ఉన్నకొద్దీ ఈదురుగాలి జల్లును లోపలికి కొడుతుంది. ట్యాంకు మూత చుట్టూ ఉన్న గాడిలో నిలిచిన నీరు మూత తెరవగానే లోపలికి జారుతుంది. నీరు పెట్రోలు కన్నా బరువు కాబట్టి అడుగున చేరుతుంది, ఇథనాల్ కలిసిన పెట్రోలులో నీరు మోతాదు మించితే ఇథనాల్‌ను కూడా లాక్కుని విడిపోతుంది. అందుకే వానలో పెట్రోలు పోయించుకునేముందు ఆ గాడిని పొడి గుడ్డతో తుడవడం నాకు నియమం. ఒక బంకులో పనిచేసే కుర్రవాడు నేను అడగకుండానే తన భుజం మీది తువ్వాలు తీసి గాడి తుడిచి, మూత తెరిచినంతసేపూ అట్టముక్క అడ్డం పెట్టాడు. అంత శ్రద్ధ పెద్ద పెద్ద సర్వీసు సెంటర్లలోనూ నాకు ఎదురుకాలేదు.

ఇక బసలు. గది ఎంచుకునేటప్పుడు అందరూ శుభ్రత, నిశ్శబ్దం, స్నానానికి వేడినీళ్లు చూస్తారు. వానలో వచ్చేవాడు వాటితో పాటు మూడు సంగతులు ముందుగా ఫోనులోనే అడగాలి. బండి నిలిపే చోటుకు కప్పు ఉందా, గదిలో సీలింగ్ ఫ్యాను ఉందా, తడి బట్టలు వేలాడదీసుకోవడానికి వసారా గాని దండెం గాని ఉందా? ఇవి అడిగితే ఎదుటివాళ్లు మొదట తెల్లబోతారు. అయినా అడగాలి, అదీ విడమరిచి అడగాలి. కప్పు ఉన్న పార్కింగ్ అని ఒక బసవాళ్లు నాకు ధీమాగా చెప్పారు. వెళ్లి చూస్తే ఆ కప్పు కార్లు నిలిపే నాలుగు గడుల మీదే ఉంది, బైకులకు మాత్రం గోడ పక్కన, పై అంతస్తు నుంచి వాననీటి గొట్టం దిగే చోట స్థలం చూపించారు.

పెద్ద హోటళ్లు తడి మనిషికి అంత సుఖమైనవి కావు. నీళ్లు కారుతూ మెరిసే నేల మీద నిలబడినవాణ్ని అక్కడివాళ్లు చూసే చూపు సంగతి అలా ఉంచితే, గదిలో తివాచీ పరిచి ఉండడం, కిటికీ తెరుచుకోకపోవడం, బట్టలు తగిలించే కొక్కెం ఒక్కటే ఉండడం అసలు కష్టాలు. ఏసీ మాత్రం వాటికి ఉన్న మంచి గుణం. ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంది కాబట్టి, ముసురు పట్టిన రాత్రి ఫ్యాను కింద ఆరని బట్ట కూడా అక్కడ ఆరుతుంది. రిమోట్‌లో డ్రై అనే సదుపాయం ఉంటే అది పెట్టి, బట్టలను కుర్చీ మీద కుప్ప వేయకుండా విడివిడిగా పరిచి వదిలేయాలి. తలుపు తెరుచుకుని వసారాలోకి అడుగుపెట్టగలిగే చిన్న లాడ్జీలు ఇందుకు పూర్తిగా భిన్నం. అక్కడ సూటును బయటే విప్పవచ్చు, నీళ్లు కారినా ఎవరూ ఏమీ అనరు, ఫ్యాను జోరుగా తిరుగుతుంది. అయితే బయట గాలిలోనే తేమ నిండి ఉన్నప్పుడు ఫ్యాను గాలి ఎంత తిరిగినా మందపాటి గుడ్డ ఆరదు, దుప్పటి కూడా చెమ్మగానే తగులుతుంది.

ఇంటివాళ్లే నడిపే బసలకు నా ఓటు. ఒక ఇంట్లో పెద్దావిడ నా బూట్లను చూడగానే పాత దినపత్రికల కట్ట తెచ్చి, ఎలా కూరాలో తానే చూపించారు. కాగితాన్ని నలిపి కొస దాకా గట్టిగా దట్టించాలి, గంటకోసారి తడి కాగితం లాగేసి కొత్తది పెట్టాలి. పొయ్యి దగ్గర పెడతారేమోనని నేను కంగారుపడ్డాను గాని, తోలు వేడికి బిగుసుకుపోయి పగులుతుందని ఆవిడకు నాకంటే బాగా తెలుసు. పర్వత ప్రాంతాల్లోని కొన్ని యూత్ హాస్టళ్లలో తడి బట్టల కోసమే ప్రత్యేకంగా ఒక వెచ్చని గది ఉంటుంది. ఆ సదుపాయం ఉన్నచోట మంచం ఎంత గట్టిగా ఉన్నా నేను ఫిర్యాదు చేయను. గుడారం సంగతి వేరు. లోపల పొడిగా నిద్రపోవచ్చు, కానీ ఏదీ ఆరదు, మన ఊపిరే తెల్లవారుజామున గుడారం లోపలి గోడ మీద నీరుగా దిగుతుంది. ఒక రాత్రికి మించి వానలో గుడారాన్ని నమ్ముకోవడం తెలివైన పని కాదు.

బట్టలు ఉతికిచ్చే సేవ ఉన్నచోట ఉతకడం కన్నా మిషన్‌లో గట్టిగా పిండించడమే మనకు కావలసింది. నూలు బట్టలు, సాక్సులు, ఉన్ని బట్టలు ఆ పిండుడుకు సగం ఆరినట్టే వస్తాయి. రెయిన్‌సూటును మాత్రం వాటితో ఇవ్వకూడదు. నీరు వదలని గుడ్డ డ్రమ్ములో నీటి సంచిలా మారితే, వేగంగా తిరిగేటప్పుడు బరువు ఒకవైపు ఒరిగి మిషన్ ఊగిపోతుంది. ఈ సంగతి చెప్పినా వినకుండా అన్నీ కలిపి వేసేవాళ్లు ఉంటారు, కాబట్టి సూటును గదిలోనే ఉంచుకుని మిగతావి పంపడం మేలు.

సామాను గురించి చెప్పుకోవలసింది తక్కువే. సంచి పైన తొడిగే కవరు పైనుంచి పడే వానను ఆపుతుంది గాని, వెనక చక్రం కింది నుంచి చిమ్మే బురద నీటిని ఆపలేదు, ఆ నీరు కవరు అడుగున చేరి సంచిని నానబెడుతుంది. మూతి మూడుసార్లు చుట్టి బిగించే జలనిరోధక సంచిని లోపల వాడితే పై కవరు అవసరమే ఉండదు. ఫోను మీద ఐపీ67 అని రాసి ఉంటే, అది ఒక మీటరు లోతు నిలకడ నీటిలో 30 నిమిషాల పరీక్షకు నిలిచిందని అర్థం. హ్యాండిల్ మీద ఎదురుగా కొట్టే వానకు, అందులోనూ ఛార్జింగ్ తీగ గుచ్చి ఉన్నప్పుడు, ఆ హామీ వర్తించదు.

వీటన్నిటినీ బట్టి నా ప్రయాణపు వేళలు మారిపోయాయి. వానరోజున చీకటి పడేదాకా బండి నడపడం మానేసి, ఇంకా వెలుతురు ఉండగానే బస చేరుకుంటాను. నీరు గాలి కన్నా సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది కాబట్టి, తడిసి ఎదురుగాలిలో వెళ్లేవాడు సాయంత్రానికి చలికి వేళ్లు మొద్దుబారి బ్రేకు సరిగా పట్టలేని స్థితికి వస్తాడు. తొందరగా ఆగడానికి అది ఒక కారణమైతే, ఆరడానికి కావలసిన గంటలు మరో కారణం. పలుచని లోపలి బట్ట రెండు మూడు గంటల్లో ఆరుతుంది, గ్లౌజులకు రాత్రంతా పడుతుంది, మందపాటి బూట్లకు ఆ రాత్రి కూడా చాలదు. అందుకే గదిలోకి వెళ్లగానే స్నానం కన్నా ముందు బూట్ల లోపలి అట్టలు, హెల్మెట్ లోపలి మెత్తలు విప్పదీసి ఫ్యాను గాలి నేరుగా తగిలే చోట పెడతాను, సూటును మాత్రం స్నానాల గదిలో వేలాడదీస్తాను, ఎందుకంటే మిగతావాటి ఆరే గాలిని అది చెమ్మ చేయకూడదు.