కొలంబో క్యూలు, బీరుట్ బ్యాంకులు

చెన్నైలో ఉండే తెలుగువాళ్ళకి శ్రీలంక సంక్షోభం దూరపు వార్త కాదు. 2022 మేలో బియ్యం, పాలపొడి, మందులతో ఓడ బయల్దేరింది ఇక్కడి రేవు నుంచే. అందుకే టీ నగర్ కబుర్లలో ‘దేశం దివాలా’ అనగానే కొలంబో గుర్తొస్తుంది. నన్నడిగితే లెబనాన్‌ది ఇంకా ఘోరం.

శ్రీలంకలో అయిపోయింది డాలర్లు. పెట్రోలుకి, గ్యాస్‌కి రోజుల తరబడి క్యూలు. కాగితం కొరతతో బడి పరీక్షలూ వాయిదా పడ్డాయి. ఆ సెప్టెంబరుకి ధరల పెరుగుదల 70 శాతం దగ్గరికి చేరింది. బ్యాంకులో రూపాయలు చేతికొచ్చేవి, వాటితో వచ్చే సరుకే తగ్గిపోయింది. కోపమంతా పాలకుల మీదికి మళ్ళి, జులైలో అధ్యక్షుడు గొటబాయ రాజపక్స దేశం విడిచి పారిపోయాడు. 2023 మార్చిలో అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) అప్పు మంజూరైంది.

లెబనాన్‌లో 2019 చివర్లో బ్యాంకులే చెయ్యి బిగించాయి. డాలరుకి 1,507 దగ్గర ఏళ్ళ తరబడి నిలిచిన అక్కడి కరెన్సీ లీరా, విలువలో 90 శాతానికి పైగా పోగొట్టుకుంది. ఖాతాలో అంకె కనిపిస్తుంది, డబ్బు మాత్రం ఇవ్వరు. ఇంతకన్నా టెన్షన్ ఏముంటుంది? 2022లో బీరుట్‌లో ఒకావిడ తోబుట్టువు క్యాన్సర్ వైద్యానికి బొమ్మ తుపాకీ పట్టుకెళ్ళి, తమ ఖాతాలోని సొమ్మే తెచ్చుకుంది. చాలామంది ఆమెను మెచ్చుకున్నారు కూడా.

వలస మాత్రం రెండు చోట్లా ఉంది. డాక్టర్లు, నర్సులు వెళ్ళిపోయారు. ఉండిపోయిన చాలా కుటుంబాలకి విదేశాల్లోని బంధువులు పంపే డాలర్లే దిక్కు, లెబనాన్‌లో మరీనూ.