“అన్నం మానేసి ప్యాకెట్ పెట్టండి” అన్నప్పుడు: మామూలు ధర డ్రై ఫుడ్ సంచి రివ్యూ

టీకాకో, దురదకో కుక్కను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే లేచి వచ్చేముందు ఒక ప్రశ్న పడుతుంది: “ఏం పెడుతున్నారు?” పెరుగన్నం అనగానే, “అన్నం కుక్కలకు పడదు, ఆపేయండి. ప్యాకెట్ ఫుడ్ మాత్రమే పెట్టండి” అంటారు. ఈ రివ్యూ ఆ ప్యాకెట్ గురించే. ఎదిగిన కుక్కలకు అమ్మే మామూలు ధర చికెన్ రకం సంచి, అంటే పెడిగ్రీ అడల్ట్ లాంటిది, తీసుకుందాం.

తీర్పు ముందే చెప్పేస్తే మంచిది. వట్టి పెరుగన్నం కన్నా ఈ సంచి చాలా మేలు, అందులో డాక్టరుదే ఒప్పు. అన్నం కుక్కకు పడదన్న కారణం మాత్రం నిలబడదు. లెక్క ప్రకారం వండిన ఇంటి తిండి ఈ సంచికి ఏమాత్రం తీసిపోదు. కానీ లెక్క ప్రకారం వండే ఇళ్ళు తక్కువ. డాక్టర్లు అంత గట్టిగా చెప్పడానికి అసలు కారణం అదే.

సంచి వెనక్కి తిప్పి చూడండి. ప్రోటీన్ కనీసం 20 శాతం, కొవ్వు కనీసం 10, పీచు గరిష్ఠం 5, తేమ గరిష్ఠం 12. ఈ తరగతి సంచుల మీద అంకెలు ఇంచుమించు ఇలాగే ఉంటాయి. పిండిపదార్థం ఎంతో రాయరు, మనమే తీసుకోవాలి. పై నాలుగూ కలిపితే 47. బూడిద, అంటే ఖనిజాలు, ఇంకో 8 అనుకుంటే 55. మిగిలిన 45 పిండిపదార్థమే. పదార్థాల జాబితాలో కూడా ఈ ధరలో సాధారణంగా మొదట కనిపించేది ధాన్యాలు, వాటి ఉప ఉత్పత్తులు. చికెన్ ఆ తర్వాతే. అన్నం పడని కుక్కకు ఈ సంచి కూడా పడకూడదు కదా.

అయితే పడుతుంది, అన్నమూ పడుతుంది. పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ జన్యువు తోడేళ్ళలో కన్నా కుక్కల్లో చాలా ఎక్కువ కాపీలు ఉంటుందని 2013లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపించింది. వేల ఏళ్ళు మనిషి పక్కన మనిషి తిండి తిన్న జంతువు అది. అన్నం మెత్తగా ఉడికితే చాలు. బిరుసుగా వండిన అన్నం పెడితే మలంలో గింజలు కనిపిస్తాయి. దాన్ని చూసి “అన్నం అరగడం లేదు” అనుకోకుండా, కుక్కర్లో ఒక గ్లాసు నీళ్ళు ఎక్కువ పోసి రెండు విజిల్స్ ఎక్కువ రానివ్వండి. అన్నం వద్దని గ్రెయిన్-ఫ్రీ అనే ఖరీదైన సంచుల వైపు వెళ్ళాల్సిన పని కూడా లేదు. బఠాణీలు, పప్పులు ఎక్కువగా ఉన్న అలాంటి తిండికి కుక్కల్లో గుండె కండరం పలచబడే జబ్బుతో సంబంధం ఉందేమోనని అమెరికాలో ఆహారం, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018 జులైలో పరిశీలన మొదలుపెట్టింది.

ఇక ఎంత పెట్టాలి. సంచి మీద గ్రాముల పట్టిక ఉంటుంది కానీ, ఇంట్లో పడుకుని ఉండే, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన కుక్కకు అది తరచూ ఎక్కువే అవుతుంది. ఇలా లెక్క వేసుకోండి. బరువు కిలోల్లో తీసుకుని, దాని 0.75 ఘాతాన్ని 70తో గుణించాలి. ఫోన్ కాలిక్యులేటర్‌ను అడ్డం తిప్పితే ఆ బటన్ కనిపిస్తుంది. 20 కిలోల కుక్కకు 662 కేలరీలు వస్తాయి. అది విశ్రాంతిలో కావలసింది. ఆపరేషన్ అయిన ఎదిగిన కుక్కకు దాన్ని 1.6తో, కాని కుక్కకు 1.8తో గుణించాలి. మొదటి రకానికి రోజుకు సుమారు 1,060. బాగా లావెక్కితే 662 దగ్గరే ఉంచాలి.

సంచి మీద కేలరీలు లేకపోతే ప్రోటీన్‌ను 3.5తో, కొవ్వును 8.5తో, పిండిపదార్థాన్ని 3.5తో గుణించి కలపండి: 70, 85, 157. అంటే 100 గ్రాములకు 312. మన 20 కిలోల కుక్కకు రోజుకు 340 గ్రాములు, రెండు పూటలుగా. స్టీలు గ్లాసుతో కొలవకండి, ఒకసారైనా వంటింటి తూకం మీద పెట్టి ఆ గ్లాసుకు గీత గీసుకోండి. సంచిలోని గింజ ఒక్కో రకంలో ఒక్కో సైజులో ఉంటుంది, అదే గ్లాసులో 20 గ్రాములు అటూ ఇటూ అవుతుంది. పూటకు 20 గ్రాములంటే రోజుకు 125 కేలరీలు, ఆ కుక్క అవసరంలో ఎనిమిదో వంతు.

ఇప్పుడు పెరుగన్నం. 600 గ్రాముల అన్నం, 400 గ్రాముల పెరుగు కలిపితే కేలరీలు వెయ్యి పైన వస్తాయి, కడుపు నిండుతుంది. ప్రోటీన్ మాత్రం 30 గ్రాములు దాటదు. అమెరికాలో జంతువుల తిండికి ప్రమాణాలు పెట్టే ఆఫ్కో అనే సంఘం చెప్పిన కనీసం వెయ్యి కేలరీలకు 45 గ్రాములు, అంటే ఈ కుక్కకు 48. సంచితో 68 వస్తుంది. కాల్షియం 1.3 గ్రాములు కావాలి, పెరుగన్నంలో దాదాపు అర గ్రామే. జింకు, అయోడిన్, విటమిన్ డి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఏళ్ళ తరబడి ఇదొక్కటే తిన్న కుక్కకు వెన్ను మీద కండ తగ్గుతుంది, బొచ్చు పొడిబారుతుంది. డాక్టరు చేత్తో నిమిరి అది పట్టుకుంటారు. అందుకే ఆ మాట కోపంగా వస్తుంది.

పెరుగన్నం సరిపోదన్నంత మాత్రాన సంచి ఒక్కటే దారి కాదు. అదే 20 కిలోల కుక్కకు ఒక రోజు గిన్నె ఇది: మెత్తటి అన్నం 400 గ్రాములు, స్కిన్ తీసిన బోన్‌లెస్ చికెన్ పచ్చిగా తూచి 250, కోడి లివర్ 20, ఉడికించిన గుడ్డు ఒకటి, గుమ్మడికాయ 80, పెరుగు 80, నూనె రెండు టీస్పూన్లు. కేలరీలు 1,060 దరిదాపుల్లో, ప్రోటీన్ 70 గ్రాములకు పైనే. చికెన్, లివర్ నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోయకుండా అన్నంలోనే కలపాలి. ఉల్లి, వెల్లుల్లి, కారం, మసాలా ఏవీ వద్దు. లివర్ రుచికి అలవాటుపడి కుక్క అడుగుతోందని రోజుకు వంద గ్రాములు పెట్టకండి. 20 అంటే 20 దగ్గరే ఆపండి.

ఈ గిన్నెలో ఘోరంగా తప్పే చోటు కాల్షియం. మాంసంలో భాస్వరం చాలా, కాల్షియం దాదాపు శూన్యం. పై గిన్నెలో కాల్షియం 200 మిల్లీగ్రాములు ఉంటే భాస్వరం 900. తక్కువపడ్డ కాల్షియాన్ని శరీరం ఎముకల్లోంచి లాక్కుంటుంది. ఎదిగే కుక్కపిల్లల్లో అది కొన్ని వారాల్లోనే కాళ్ళు వంకరపోవడంగా, చిన్న గెంతుకే ఎముక విరగడంగా బయటపడుతుంది. మందు ఖరీదైనదేం కాదు, గుడ్డు పెంకు. పెంకులు కడిగి, పది నిమిషాలు మరిగించి, ఎండలో గలగలలాడేదాకా ఆరబెట్టి, మిక్సీ చిన్న జార్‌లో వేసి పట్టాలి. రెండు వేళ్ళ మధ్య రుద్దితే టాల్కమ్ పౌడర్‌లా జారాలి, రవ్వలా గీరుకుంటే ఇంకోసారి పట్టి జల్లించండి. అందులో 38 శాతం దాకా కాల్షియం ఉంటుంది. రోజుకు 3 గ్రాములు, అర టీస్పూన్‌కు కాస్త ఎక్కువ. దానితో కాల్షియం, భాస్వరం నిష్పత్తి 1.5కి 1 దగ్గర నిలుస్తుంది. కావలసింది కూడా అదే: 1కి తగ్గకుండా, 2 దాటకుండా.

ఇంత చేసినా జింకు, అయోడిన్, విటమిన్ డి, ఇ తక్కువే పడతాయి. కుక్కల కోసం అమ్మే విటమిన్-మినరల్ మిశ్రమం కలపక తప్పదు. ఏది, ఎంత అన్నది డాక్టరును అడిగి రాయించుకోండి. ఇక్కడ డాక్టరుతో వాదించడానికేమీ లేదు. కాలిఫోర్నియా యూనివర్సిటీ, డేవిస్ వాళ్ళు పుస్తకాల్లోంచీ ఇంటర్నెట్‌లోంచీ 200 ఇంటి వంటకాలు తీసి 2013లో పరీక్షిస్తే 95 శాతంలో కనీసం ఒక పోషకం తక్కువపడింది. ఇంటి తిండి చెడ్డదని కాదు, కంటి అందాజుతో వండితే కుదరదని దాని అర్థం.

రోజూ ఇంత తూచి వండడం కుదరని ఇంటికి సంచే మంచిది, మొహమాటం లేకుండా చెప్పాలి. కుక్క మొహం తిప్పేస్తుంటే పైన కొంచెం ఇంటి తిండి వెయ్యొచ్చు. రోజు కేలరీల్లో పదో వంతు దాటనంత వరకు సంచిలోని సమతూకం చెడదు. మన లెక్కలో అది 106 కేలరీలు: ఒక గుడ్డు, రెండు చెంచాల పెరుగు. లేదా 80 గ్రాముల అన్నం. వేసినంత మేర గింజలు తగ్గించాలి, ఇది చాలామంది మర్చిపోతారు. కూరన్నం మాత్రం కలపొద్దు. ఉల్లిపాయ ఉడికినా ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. పిల్లులకైతే కిలో బరువుకు 5 గ్రాములే చాలు. బిర్యానీలో మిగిలిన నూనె ముద్ద, ఉడికిన ఎముకలు కూడా అంతే: ఒకటి పాంక్రియాస్‌ను వాచేలా చేస్తుంది, రెండోది ముక్కలై పేగులో గుచ్చుకుంటుంది. గింజలను పాలల్లో నానబెట్టే అలవాటు ఉంటే మానుకోండి. చాలా ఎదిగిన కుక్కలకు పాలలోని లాక్టోస్ అరగదు, విరేచనాలవుతాయి, ఆ నింద సంచి మీద పడుతుంది. గోరువెచ్చటి నీళ్ళు చాలు. ఏప్రిల్, మే నెలల్లో మనవైపు ఎండలకు అలా తడిపి పెట్టడమే మంచిది కూడా. పొడి గింజలో నీరు 12 శాతానికి మించదు.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. పెద్ద సంచి విప్పి కిలో, అరకిలో లూజుగా అమ్మే చోట కొనకండి. గింజ పైన చల్లిన కొవ్వు గాలి తగిలి చెడుతుంది, వానాకాలం తేమకు ఇంకా త్వరగా. గుప్పెడు తీసి వాసన చూస్తే పాత నూనె కంపు కొడుతుంది, వేళ్ళకు అంటిన జిడ్డు ఆ వాసన వదలదు. నెల, నెలన్నరలో అయిపోయేంత సంచే కొనండి. డబ్బాలో గుమ్మరించకుండా సంచిని సంచిగానే డబ్బాలో దించి మూతి మడవండి. డబ్బా అడుగున మిగిలే పాత పొడి కొత్త గింజలను కూడా పాడుచేస్తుంది. పైగా సంచి పారేయకుండా ఉంటే బ్యాచ్ నంబరు, గడువు తేదీ చేతిలో ఉంటాయి.

డాక్టరు మాట గట్టిగా ప్రశ్నించాల్సిన చోటు ఇంకొకటి ఉంది, కూనలకు రాసే కాల్షియం సిరప్. కూన తింటున్నది అన్నం, చికెన్ అయితే కాల్షియం కావాల్సిందే. కూనల కోసమే తయారైన సంచి తింటుంటే మాత్రం అందులో సరిపడా కాల్షియం ముందే ఉంది. దాదాపు ఆరు నెలలు నిండేదాకా కూన పేగుకు ఎక్కువైన కాల్షియాన్ని ఆపే శక్తి సరిగా ఉండదు, వచ్చినదంతా లోపలికి పోతుంది. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, రాట్‌వైలర్, గ్రేట్ డేన్ లాంటి పెద్ద జాతుల్లో అది కీళ్ళ మృదులాస్థిని, ఎముక ఎదుగుదలను చెడగొడుతుంది. అందుకే ఆఫ్కో పెద్ద జాతి కూనల తిండిలో పొడి బరువు మీద 1.8 శాతం దాటొద్దని హద్దు పెట్టింది. చీటీ మీద సిరప్ కనిపిస్తే వినయంగా ఒక్క మాట అడగండి: “డాక్టరుగారూ, ఇది పప్పీ ఫుడ్ తప్ప ఇంకేమీ తినడం లేదు, సిరప్ ఇంకా అవసరమా?” చాలాసార్లు పాలు, అన్నం తింటున్న కూన అనుకునే రాసి ఉంటారు. అడిగితే కొట్టేస్తారు.

వాదించకూడని చోట్లు కూడా ఉన్నాయి. పిల్లికి పెరుగన్నం, పాలన్నం ఎట్టి పరిస్థితిలోనూ పూర్తి తిండి కాదు. మాంసంలో దొరికే టారిన్ అనే పోషకాన్ని ఒంట్లో చాలినంతగా తయారుచేసుకోలేని జంతువు అది. టారిన్ కొరతతో పిల్లి గుండె కండరం దెబ్బతింటుందని 1987లోనే తేలింది, కళ్ళు కూడా పోతాయి. కుక్కల సంచి పిల్లికి పెట్టడం కూడా ఇదే తప్పు. కిడ్నీ జబ్బుకు, మూత్రంలో రాళ్ళకు డాక్టరు రాసిన ప్రత్యేక తిండిలో భాస్వరం, ప్రోటీన్, మూత్రం ఆమ్లత్వం కొలిచి పెడతారు, దాని మీద ఒక్క లివర్ ముక్క వేసినా ఆ కొలత పోతుంది. కాకపోతే పిల్లి ఆ తిండి ముట్టకపోతే “ఆకలేస్తే అదే తింటుంది” అని పస్తు పెట్టకండి. రెండు మూడు రోజులు తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికొస్తుంది. ఒకరోజు చూసి వెంటనే డాక్టరుకు చెప్పండి, వేరే రుచిలో అదే రకం తిండి దొరుకుతుంది.

మిగతా సందర్భాల్లో డాక్టరు దగ్గరికి ఖాళీ చేతులతో వెళ్ళకండి. వారం రోజులు గిన్నెలో పడిన ప్రతిదీ, చాయ్‌లో ముంచి ఇచ్చిన బిస్కెట్టుతో సహా, గ్రాముల్లో రాసుకెళ్ళండి. కుక్క బరువు, నెల కిందటి బరువు పక్కన రాయండి. “9 పాయింట్ల స్కేలు మీద దీని ఒంటి తీరు ఎంత?” అని అడగండి. 4 లేదా 5 అంటే బాగున్నట్టు: పక్కటెముకలు నొక్కకుండానే చేతికి తగలాలి, పైనుంచి చూస్తే నడుము కనిపించాలి. “అన్నం పెట్టొచ్చా” అని అడిగితే వద్దనే జవాబే వస్తుంది. “ఈ చీటీలో ఏ పోషకం తక్కువపడింది?” అని అడిగితే ఇద్దరూ ఒకే కాగితం చూసి మాట్లాడుకుంటారు. ఆ చీటీ చదవడానికి తీరిక లేని చోట, పోషణ మీద శ్రద్ధ ఉన్న ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోవడంలో తప్పులేదు.

సంచికి మార్కులు: తూచి వండే తీరిక లేని ఇంటికి 5కి 4, తీరిక ఉన్న ఇంటికి 3. పెరుగన్నం నుంచి దీనికి మారేవాళ్ళు పది రోజులు తీసుకోండి. మొదటి మూడు రోజులు పావు వంతు గింజలు, తర్వాత మూడు రోజులు సగం, ఆ తర్వాత మూడు రోజులు ముప్పావు, పదో రోజుకు మొత్తం. మధ్యలో మలం జావగా వస్తే ముందరి మెట్టుకు వెనక్కి వెళ్ళి రెండు రోజులు ఆగండి. రక్తం కనిపించినా, వాంతులు తోడైనా ఆగొద్దు, అదే రోజు డాక్టరుకు చూపించండి.