కాన్సెప్ట్2 రోఎర్గ్: టైమూ తగ్గాలి, నడుమూ బాగుండాలి

మియాపూర్‌లో మాది రెండు బెడ్‌రూముల ఫ్లాట్. హాల్లో సోఫా ఒకటి తీసేసి ఈ రోయింగ్ మెషిన్ పెట్టుకున్నాం. వాడేది నేనూ, మా అత్తగారూ. 2000 మీటర్లు 9 నిమిషాల్లో పూర్తి చెయ్యాలన్నది నా పట్టుదల. ఆవిడకి టైముతో పని లేదు, మోకాళ్లు బిగుసుకుపోకుండా ఉంటే చాలు.

కొనేవాళ్లకి ముందుగా డ్యాంపర్ గురించి చెప్పాలి. ఫ్యాన్ పక్కన 1 నుంచి 10 దాకా ఉండే మీట అది. జిమ్ముల్లో చాలామంది దాన్ని 10లో పెట్టి లాగుతుంటారు. నిజానికి అది ఫ్యాన్‌లోకి ఎంత గాలి వెళ్లాలో మాత్రమే చూస్తుంది, సైకిల్ గేరు లాంటిది. గాలి ఎక్కువ వెళ్తే ఫ్యాన్ త్వరగా నెమ్మదిస్తుంది. దాంతో ప్రతి లాగుడూ బరువుగా మొదలవుతుంది. అలసిపోయాక ఆ బరువంతా నడుము మీదే పడుతుంది.

పైగా ఫ్యాన్ జాలీలో దుమ్ము పేరుకుంటే అదే అంకె దగ్గర బరువు మారిపోతుంది. అందుకే నేను మీట అంకె చూడను, స్క్రీన్‌లో డ్రాగ్ ఫ్యాక్టర్, అంటే ఫ్యాన్ నిజంగా ఎంత త్వరగా నెమ్మదిస్తోందో చెప్పే అంకె, చూస్తాను. నాకు 115 దగ్గర హాయిగా ఉంటుంది. అత్తగారికి ఇంకా తగ్గిస్తాను.

ఇక టైము సంగతి. 500 మీటర్లకి 2:20 (2 నిమిషాల 20 సెకన్లు) చొప్పున లాగాలంటే దాదాపు 128 వాట్లు కావాలి. 2000 మీటర్లు 9 నిమిషాల్లో అవ్వాలంటే నాకు కావలసిన 2:15కి 142 వాట్లు. ఐదు సెకన్లే కదా అనిపిస్తుంది గానీ, శక్తి పదిశాతం పైనే పెరగాలి. అది వారంలో వచ్చేది కాదు. రోయింగ్‌లో ఎక్కువగా దెబ్బతినేది నడుము. ఉన్నట్టుండి దూరం పెంచేస్తే పక్కటెముకల్లో సన్నటి పగుళ్లు కూడా రావచ్చు. అందుకే వారానికి రెండు రోజులే గట్టిగా లాగుతాను, మిగతా రోజులు మాట్లాడుతూ చెయ్యగలిగే వేగమే.

పీఎమ్5 మానిటర్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఫోర్స్ కర్వ్. ఒక్కో లాగుడులో బలం ఎలా పెరిగి ఎలా తగ్గిందో గీతగా చూపిస్తుంది. ముందు కాళ్లతో తోసి, తర్వాత ఒళ్లు వెనక్కి వాల్చి, చివర్లో చేతులు లాక్కుంటే ఒకే నున్నటి దిబ్బలా వస్తుంది. కాళ్లు అలసి నడుముతో గుంజడం మొదలెట్టగానే మధ్యలో సొట్ట పడుతుంది. నా విషయంలో టైము ఇంకా బాగానే ఉండగా ఆ సొట్ట కనిపిస్తుంది. అది రెండు మూడు లాగుడుల్లో వరసగా కనిపిస్తే, ఎన్ని మీటర్లు మిగిలినా ఆ రోజుకి ఆపేస్తాను. అయితే వెన్ను గూనిలా వంగుతోందా అన్నది ఏ స్క్రీనూ చెప్పదు. దానికి మా అమ్మాయి పక్కనుంచి ఫోన్‌లో వీడియో తీస్తుంది.

ప్లగ్ అక్కర్లేదు. గాలి హోరు ఉంటుంది, తెల్లవారుజామున కింది ఫ్లాట్ వాళ్లని అడిగి చెయ్యడం మంచిది. ఎనిమిది అడుగుల పొడవుంటుంది, కొనేముందు టేపు పెట్టి కొలుచుకోండి. మామూలు మోడల్ సీటు నేల నుంచి 14 అంగుళాలే. ఇంట్లో పెద్దవాళ్లు కూడా వాడేటట్టయితే సీటు 20 అంగుళాల ఎత్తులో ఉండే పొడవు కాళ్ల మోడల్ తీసుకోండి. అత్తగారు లేచే ప్రతిసారీ నేను చెయ్యి అందించాల్సి వస్తోంది.