పాత బుల్లెట్‌కి స్పార్క్ టెస్టర్: వేడెక్కాక ఆగిపోయే బండికి ఏ రకం కొనాలి?

నడుస్తూ వేడెక్కి బండి ఆగిపోతుంది, ప్లగ్ విప్పి హెడ్‌కి (ఇంజిన్ పైభాగానికి) ఆనించి కిక్ కొడితే రవ్వ కనిపిస్తుంది. వెంటనే కరెంటు బాగానే ఉందని తేల్చేసి కార్బ్యురేటర్ విప్పడం మొదలుపెడతారు. పాయింట్లున్న (కాయిల్ కరెంటును తెరిచి మూసే చిన్న స్విచ్ ఉన్న) కాస్ట్ ఐరన్ ఇంజిన్ బుల్లెట్ల మీద డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా ఇక్కడే. ప్లగ్ గ్యాప్ సుమారు 0.6 మి.మీ. బయటి గాలిలో ఆ కాస్త సందును చచ్చుబడిన కాయిల్ (ప్లగ్‌కి కావలసిన వోల్టేజీని పుట్టించేది) కూడా దాటిస్తుంది. సిలిండర్‌లో ఒత్తిడి పెరిగాక అదే సందు దాటాలంటే చాలా ఎక్కువ వోల్టేజీ కావాలి. ఆ తేడాను బయటపెట్టేదే గ్యాప్ మార్చుకోగల స్పార్క్ టెస్టర్.

వస్తువు చిన్నది. ప్లాస్టిక్ గొట్టంలో ఎదురెదురుగా రెండు మొనలు, సందు పెంచే మర, ఎర్త్‌కి ఒక క్లిప్పు, అంతే. కొత్త కాయిల్ కంటే చవక. గొట్టం మీద అచ్చువేసిన కిలోవోల్టుల అంకెల్ని మాత్రం లెక్కలోకి తీసుకోవద్దు, మొనల ఆకారాన్ని బట్టీ గాలిలో తేమను బట్టీ అవి మారిపోతాయి. 6 మి.మీ. డ్రిల్ బిట్ కాడను మొనల మధ్య పెట్టి సందు సరిచేసుకుంటే చాలు. అంతకంటే బాగా పెంచితే బయట దారి దొరకని కరెంటు కాయిల్ లోపలి ఇన్సులేషన్‌ని చీల్చుకుని పోతుంది.

వాడే పద్ధతి ముఖ్యం. అసలు ప్లగ్‌ను హెడ్‌లోనే ఉంచి దాని మీది తొడుగు (క్యాప్) ఒక్కటే లాగి టెస్టర్‌కి తగిలించాలి. ప్లగ్ రంధ్రం మూసే ఉంటుంది కాబట్టి పెట్రోలు ఆవిరి రవ్వ దగ్గరికి రాదు. క్లిప్పును రంగు లేని బోల్టుకే పెట్టాలి. పెట్రోలు ట్యాప్ కట్టేసి, డీకంప్రెసర్ (సిలిండర్ ఒత్తిడిని వదిలేసే మీట) నొక్కి పట్టుకుని కిక్ కొట్టండి. 6 మి.మీ. దగ్గర ప్రతిసారీ నీలంగా, చిటపటమని దాటితే కాయిల్, కండెన్సర్ (పాయింట్ల మీద రవ్వలు రాకుండా ఆపే చిన్న డబ్బా), పాయింట్లలో లోపం లేనట్టే. ట్యాంకు మూతలో గాలి రంధ్రం పూడుకుందేమో చూడండి, ఆ లక్షణాలు అచ్చం ఇలాగే ఉంటాయి. 3 మి.మీ.కి తగ్గిస్తేగానీ రాక, వచ్చినా పసుపుగా ఉంటే కండెన్సర్, పాయింట్లు, కాయిల్, దానికి అందే వోల్టేజీ, ఈ నాలుగింటినీ అనుమానించాలి.

ఇదంతా బండి ఆగిన నిమిషంలోనే చేయాలి. పాడవుతున్న కండెన్సరూ కాయిలూ వేడికి తప్పి, చల్లారాక మామూలుగా పనిచేస్తాయి. అరగంట ఆగి షెడ్డుకి తోసుకెళ్లాక చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. అందుకే ఈ టెస్టర్ ఇంట్లో కాదు, బండి టూల్ బాక్సులో ఉండాలి.

అసలు రవ్వే లేకపోతే టెస్టర్ పక్కన పెట్టి బ్యాటరీ కరెంటు చూపే అమ్మీటర్ చూడండి. తాళం ఆన్ చేసి కిక్‌ని నెమ్మదిగా తోస్తే, పాయింట్లు మూసుకున్నప్పుడు ముల్లు మైనస్ వైపు వాలాలి, తెరుచుకున్నప్పుడు మధ్యకి రావాలి. ఎప్పుడూ మధ్యలోనే ఉంటే కరెంటు అందడం లేదు, లేదా పాయింట్ల మీద నూనె, మసి పేరుకుంది. వాలి అలాగే ఉండిపోతే పాయింట్లు తెరుచుకోవడం లేదు, లేదా వైరో కండెన్సరో ఎర్త్ అయింది. ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలుచని రేకులతో) పాయింట్ల గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ. మధ్య ఉందో లేదో చూడండి. పాయింట్లు మాటిమాటికీ నల్లగా కాలుతుంటే రుద్దుకుంటూ కూర్చోవద్దు, కండెన్సర్ మార్చండి. పాత దాని వైరు విప్పేసి, సుమారు 0.2 మైక్రోఫారడ్ విలువున్న మంచి కండెన్సర్‌ను, పాత కారుదైనా సరే, బయట నుంచే పాయింట్లకి కలిపి దాని ఒంటిని ఎర్త్ చేసి నడిపి చూస్తే అనుమానం తీరిపోతుంది.

టెస్టర్ చెప్పలేనిది ఒకటుంది: వోల్టేజీ ఎక్కడ పోతోందన్నది. దానికి మల్టీమీటరే కావాలి. 12 వోల్టుల బండిలో పాయింట్లు మూసుకున్నప్పుడు బ్యాటరీ ప్లస్‌కీ కాయిల్ ప్లస్‌కీ మధ్య అర వోల్టు కంటే ఎక్కువ కనిపిస్తే తాళం స్విచ్చో, హెడ్‌లైట్ వెనకున్న వైర్లో కరెంటు తినేస్తున్నాయి. హ్యాండిల్ అటూ ఇటూ తిప్పుతూ చూస్తే తెగీ తెగని వైరు దొరుకుతుంది. బ్యాటరీ నుంచి కాయిల్‌కి ఫ్యూజున్న వైరు నేరుగా వేసి నడిపినా తేలిపోతుంది. ఆపాలంటే ఆ వైరు పీకాల్సిందే. మరిచిపోతే కాయిల్ కాలిపోవచ్చు.

ప్లగ్‌కీ క్యాప్‌కీ మధ్య పెట్టే నియాన్ దీపం రకం కూడా దొరుకుతుంది. బలహీనమైన రవ్వకీ అది వెలుగుతుంది కాబట్టి బలం కొలవడానికి పనికిరాదు. కానీ ఈ రెండు రకాల్లో నడుస్తున్న ఇంజిన్ మీద చూడగలిగేది ఇదొక్కటే. మసక చీకట్లో ఐడ్లింగ్‌లో పెట్టి చూడండి: దీపం ముందు తడబడి తర్వాత ఇంజిన్ ఆగితే తప్పు కరెంటుది, ఇంజిన్ చస్తున్నా దీపం లయ తప్పకపోతే పెట్రోలుది. రెండూ కొనగలిగితే మంచిదే, ఒక్కటే అంటే గ్యాప్ రకం.

కొనేటప్పుడు క్లిప్పు స్ప్రింగు గట్టిగా ఉందా, తీగ క్లిప్పుకి టంకం వేసి ఉందా అని చూడండి. వదులు క్లిప్పున్న టెస్టర్ మంచి కాయిల్‌ని కూడా చెడ్డదిగా చూపిస్తుంది. క్యాప్ వైపు అనుమానముంటే హైటెన్షన్ వైరు (కాయిల్ నుంచి ప్లగ్‌కి వెళ్లేది) చివర 5 మి.మీ. కోసి, క్యాప్ లోపలి మర రాగి తీగ మధ్యలోకి దిగేలా దాన్ని మళ్ళీ తిప్పి బిగించండి. దీనికి పైసా ఖర్చు లేదు కాబట్టి కాయిల్ కొనే ముందే చేయాలి.