రైలేలో చివరి పూట: హాఫ్ డే క్లైంబింగ్ తీసుకోవచ్చా?

థాయ్‌లాండ్‌లోని క్రాబికి రాక్ క్లైంబింగ్ కోసం వెళ్ళినవారు చివరి రోజును షాపింగ్‌కో, బీచ్‌లో పడుకోవడానికో వదిలేస్తుంటారు. వేళ్ళ చర్మం అరిగిపోయి, ముంజేతులు బిగుసుకుపోయి ఉంటాయి కనుక అందులో వింతేమీ లేదు. అయినా, క్రాబిలోని రైలే అనే ద్వీపకల్పపు తూర్పు తీరంలోని క్లైంబింగ్ స్కూళ్ళు నడిపే మధ్యాహ్నపు హాఫ్ డే క్లాసు ఆ రోజుకు బాగా సరిపోతుందని నా అభిప్రాయం. మేము అక్కడి ఒక చిన్న స్కూల్లో తీసుకున్నాము. షూస్, హార్నెస్ (నడుముకు కట్టుకునే పట్టీ), చాక్ (చేతులకు రాసుకునే పొడి), రోప్, గైడు అన్నీ కలిపి మనిషికి వెయ్యి బాట్ పైచిలుకు అయింది.

క్లాసు జరిగేది స్కూలు నుంచి నడిచి వెళ్ళగలిగే వన్ టూ త్రీ వాల్ అనే గోడ మీద. ఉదయం పూట ఎండ నేరుగా దాని మీదే పడుతుంది, మధ్యాహ్నానికి నీడ వస్తుంది. కాబట్టి పొద్దుటి బ్యాచ్ ఖాళీగా ఉందని ఎవరైనా ఊరించినా మధ్యాహ్నం దాకా ఆగడమే మేలు. భువనగిరి గుట్ట మీద గ్రానైట్‌పై నేర్చుకున్నవారికి ఇక్కడ పద్ధతంతా మారిపోతుంది. అక్కడ పట్టు దొరకని చోట పాదాన్ని రాయికి అదిమి, ఆ రాపిడినే నమ్ముకుని లేస్తాము. ఇక్కడిది సున్నపురాయి; చేతికి బొరియలు, అంచులు, ఆవు పొదుగులా వేలాడే రాళ్ళు పుష్కలంగా దొరుకుతాయి గానీ, ఏళ్ళ తరబడి జనం ఎక్కి ఎక్కి కాలు పెట్టే చోట్లు నున్నబడిపోయాయి. అందుకే అరిగిన రబ్బరుతో ఉన్న అద్దె షూస్ ఇవ్వడం నాకు నచ్చలేదు. అడిగితే మరో జత తెచ్చారు, అది కొంత నయం. సొంత షూస్ ఉన్నవారు చివరి రోజని వాటిని పెట్టె అడుగున సర్దేయకండి.

డబ్బుకు తగిన విలువ దక్కింది గైడు దగ్గరే. మా అరచేతులు తిప్పి చూసి, ముందు అనుకున్న 6బీ స్థాయి కష్టమైన రూటును మారుమాట లేకుండా పక్కన పెట్టి, అంతకంటే సులువైన 5వ స్థాయి రూట్ల మీద తానే ముందుగా ఎక్కి రోప్ వేశాడు. ప్రతిసారీ, ఎక్కబోయేది ఎవరైనా సరే, హార్నెస్‌కు వేసిన ఎయిట్ (8 ఆకారపు) ముడిని వేలితో వరస వెంట తడిమి చూడడం, బిలే చేసేవారి (కింద నుంచి తాడు పట్టి కాపాడేవారి) క్యారబైనర్ అనే లోహపు కొక్కెం గేటును నొక్కి లాక్ పడిందో లేదో పరీక్షించడం మానలేదు. అలసిపోయిన రోజునే ఇలాంటివి జారిపోతాయి. చివరి రోజుకు గైడు కావాలని నేను అనడానికి ముఖ్య కారణం ఇదే.

తాడు తగిలించడానికి రాతిలో దించిన బోల్టుల సంగతి అడిగినప్పుడు కూడా ఓపికగా చూపించాడు. ఈ సముద్రతీరపు సున్నపురాయిలో మామూలు స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు పైకి బాగానే కనిపిస్తూ లోపల బీటలు వారి, ఉన్నట్టుండి విరిగిపోయిన సందర్భాలున్నాయి. అందుకని వాటి స్థానంలో టైటానియం బోల్టులను జిగురుతో రాతిలో అతికిస్తూ వస్తున్నారు. రాతి రంధ్రాల గుండా కట్టిన పాత తాళ్ళు కూడా అక్కడక్కడా ఉంటాయి. ఎండకు వెలిసిపోయిన తాడును చూసి, ఏది నమ్మాలో ఏది నమ్మకూడదో స్థానికుడు చెబితే కలిగే ధైర్యం వేరు.

లోటు ఒకటి ఉంది. చివరి రోజు అంటే గది ఖాళీ చేసి బ్యాగులతో సహా వస్తాము. ఆ స్కూల్లో లాకరు గానీ, స్నానానికి చోటు గానీ లేదు. బ్యాగులు కౌంటరు వెనక నేల మీదే పడి ఉన్నాయి. పాస్‌పోర్టులున్న సంచిని మేము గోడ దగ్గరికే మోసుకెళ్ళాల్సి వచ్చింది. బుక్ చేసే ముందే ఈ విషయం అడిగి తెలుసుకోండి.

రైలేకు రోడ్డు లేదు, పడవే గతి. పడమటి తీరం నుంచి ఆవ్ నాంగ్ అనే ఊరికి వెళ్ళే పొడుగు తోక పడవలు తగినంత మంది ఎక్కేదాకా కదలవు, చీకటి పడితే ధర పెరుగుతుంది. కాబట్టి అదే రాత్రి విమానం ఉన్నవారు ఈ క్లాసు జోలికి పోకుండా, మర్నాటి ప్రయాణం ఉన్నవారు మాత్రమే తీసుకుంటే మంచిది.