రైతు బంధు నుంచి రైతు భరోసా దాకా: మొదటి నుంచీ తీసుకుంటున్న రైతుగా నా అనుభవం

తెలంగాణలో ప్రతి సీజన్‌కు రైతుకు ప్రభుత్వం ఇచ్చే పెట్టుబడి సాయం మొదట రైతు బంధు, ఇప్పుడు రైతు భరోసా. దాని మాట వస్తే అందరూ ఎకరానికి ఎంత అన్న దగ్గరే వాదించుకుంటారు. 2018 వానకాలం నుంచి తీసుకుంటున్న నన్నడిగితే, ఎంత వచ్చిందన్న దానికంటే ఎప్పుడు వచ్చిందన్నదే ముఖ్యం అంటాను.

నాకు 2 ఎకరాల 30 గుంటల పట్టా భూమి ఉంది. కొంత పత్తి, కొంత వరి. మొదటిసారి మే నెలలోనే కొత్త పాసు పుస్తకంతో పాటు చెక్కు చేతికిచ్చారు. ఎకరానికి 4,000 లెక్కన 11,000 రూపాయలు. ఇంకా తొలకరి పడలేదు. అప్పుడు ప్యాకెట్ 740 రూపాయలున్న పత్తి విత్తనాలు, డీఏపీ బస్తాలు ఆ డబ్బుతోనే కొన్నాను. అంతకుముందు ప్రతి ఏడూ షాపులో ఖాతా రాయించుకునేవాళ్లం. నూటికి రెండు రూపాయల మిత్తి. పైగా షాపాయన ఇచ్చిన మందే కొట్టాలి, పత్తి తీశాక ఆయనకే తూకం వేయాలి. చేతిలో నగదుంటే ఏ విత్తనం కావాలో మనమే అడిగి తీసుకోవచ్చు. నా వరకు ఈ పథకం చేసిన పెద్ద మేలు ఇదే.

మొదటిసారి తర్వాత నుంచి డబ్బు నేరుగా ఖాతాలో పడుతోంది, 2019 వానకాలం నుంచి ఎకరానికి 5,000 అయింది. చెక్కు కోసం క్యూ కట్టే బాధ పోయింది కానీ కొత్త టెన్షన్లు వచ్చాయి. బ్యాంకుల విలీనంలో మా బ్రాంచి ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ మారి, ఒక సీజన్ డబ్బు ఆగిపోయింది. ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) సార్‌కు కొత్త వివరాలు ఇస్తే సరిచేశారు. ఇంకోసారి పంట రుణం బాకీ ఉందని బ్యాంకులో ఆ డబ్బు పట్టుకున్నారు. విత్తనానికి వచ్చిన డబ్బు బాకీకి జమ చేసుకుంటే రైతు మళ్లీ మిత్తికి పోక ఏం చేస్తాడు?

2024 వానకాలం అసలు పడనే లేదు. 2025 జనవరి 26న రైతు భరోసా పేరుతో ఎకరానికి 6,000 మొదలుపెట్టారు. ఎకరంలోపు వాళ్లకు ముందు, తర్వాత రెండెకరాలు, మూడెకరాలు అంటూ వేసుకుంటూ వచ్చారు. నా 16,500 వచ్చేసరికి ఫిబ్రవరి అయింది. యాసంగి నాట్లు ఎప్పుడో అయిపోయాయి, కూలీలకు అప్పు తెచ్చే ఇచ్చాను. అదే ఏడాది వానకాలం డబ్బు మాత్రం జూన్‌లోనే పడింది. పత్తి ప్యాకెట్ 901 రూపాయలైనా ఆ సీజన్‌లో షాపులో ఖాతా తెరవలేదు.

కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ సాయం మా అమ్మ పేరు మీద వస్తుంది. ఏడాదికి 6,000, మూడు విడతలుగా. ఆధార్‌తో గుర్తింపు సరిచూసే ఈ-కేవైసీ దగ్గర ఆమె వేలిముద్ర పడలేదు. కలుపు తీసీ తీసీ వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. వేలు తుడిచి, తడి చేసి, మళ్లీ పెట్టి చూశారు, పడలేదు. తర్వాత ముఖం చూపించి చేసే పద్ధతి వచ్చాకే పనైంది. పెద్దవాళ్లున్న ఇళ్లలో ముందే ఇది చేయించుకోండి.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది కౌలు సంగతి. మా పక్క చేను దున్నేది కౌలు రైతు. విత్తనం, ఎరువు, కూలీ అన్నీ ఆయనవే. సాయం మాత్రం పట్టాదారు ఖాతాలోకి పోతుంది, కౌలులో ఒక్క రూపాయి తగ్గదు. సాగుదారులను గుర్తించి కార్డులివ్వడానికి 2011లోనే చట్టం వచ్చింది. ఈ సాయానికి మాత్రం దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ప్రతి సీజన్‌లో ఏఈఓలు సర్వే నంబర్ల వారీగా పంటలు నమోదు చేస్తూనే ఉన్నారు. చేనులోకి వచ్చినప్పుడు అక్కడ సాగు చేస్తున్నదెవరో అడిగి ఆ పేరు కూడా రాయాలి. పెట్టుబడి సాయం పెట్టుబడి పెట్టినవాడి ఖాతాలోనే, విత్తనం వేయకముందే పడాలి.